బర్గర్‌ తినండి.. ఆ తెల్ల సాస్‌ సంగతి అడిగి!

‘పిల్లాడికి బర్గర్‌ పెట్టొచ్చా డాక్టరుగారూ?’ అని ఓపీలో అడిగేవాళ్లు నా నుంచి ‘వద్దు’ అనే మాట కోసమే ఎదురుచూస్తారు. పిల్లాడి ముందు నాతో చెప్పిస్తే ఇంట్లో గొడవ తగ్గుతుందని వాళ్ల ఆశ. నేను మాత్రం ఎక్కడ తింటున్నారు, ఎవరు చేస్తున్నారు అని ఎదురు ప్రశ్న వేస్తాను. అద్దాల తలుపు, ఏసీ ఉన్న చోట తింటే ఏమీ కాదని, వీధి చివర చిన్న కొట్టులో తింటే రోగం ఖాయమని మనలో చాలామంది నమ్మకం. క్రిములకు ఏసీ, నాన్‌ ఏసీ తేడా తెలియదు.

మా ఆసుపత్రి వెనక వీధిలో ఓ కుటుంబం చిన్న బర్గర్ల హోటల్‌ నడుపుతోంది. ఉన్నవి నాలుగే టేబుళ్లు. పెనం దగ్గర భర్త, కూరగాయలు తరిగేది భార్య, గల్లాపెట్టె దగ్గర అత్తగారు. మొన్న ఆదివారం ఇంట్లోవాళ్లతో వెళ్లి ఆలూ టిక్కీ బర్గర్‌, చికెన్‌ బర్గర్‌ రెండూ తిన్నాను. రుచిగా ఉన్నాయి. బన్ను పక్క బేకరీదే, కాస్త వెన్న రాసి పెనం మీద కాల్చి ఇచ్చారు. వంట చేసే చోటుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ లేదు. ఆ హోటల్‌కు నేనిచ్చే మొదటి మార్కు దానికే. డబ్బులు తీసుకునే చేయి తిండిని ముట్టుకోవడం లేదు, రెండో మార్కు అందుకు. చేతికి గ్లౌజులు ఉన్నాయా అని చాలామంది చూస్తారు కానీ అదే గ్లౌజుతో ఫోను, నోట్లు పట్టుకుంటే సబ్బుతో కడిగిన ఉత్తి చేతులే నయం.

చికెన్‌ బర్గర్‌లో ఒక మెలిక ఉంది. మాంసం ముక్క పైన ఉండే క్రిములు, దాన్ని కైమా కొట్టగానే లోపలంతా కలిసిపోతాయి. పైన ఎర్రగా కాలినా నడుమ పచ్చిగా ఉంటే అవి బతికే ఉంటాయి. 1993లో అమెరికాలో సరిగా ఉడకని బర్గర్ల వల్ల 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. చికెన్‌ కైమా నడిమధ్యన కూడా 74 డిగ్రీల సెల్సియస్‌ వేడి తగలాలి. మన దగ్గర థర్మామీటర్‌ ఉండదు కాబట్టి తినేముందు ప్యాటీని రెండుగా తుంచి చూడండి. లోపల గులాబీ రంగు, జిగురు కనిపిస్తే వెనక్కి పంపండి. రంగు ఒక్కటే పూర్తి భరోసా కాదు, లోపల పొగలు కక్కేంత వేడి కూడా ఉండాలి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది మాత్రం మయోనైజ్‌. బర్గర్‌లో మిగతావాటికి కాస్తో కూస్తో మంట తగులుతుంది, దీనికి తగలదు. పచ్చి గుడ్డు, నూనె కలిపి గిలక్కొట్టి సీసాలో పోసి, మన ఎండల్లో కౌంటర్‌ మీద పొద్దంతా ఉంచితే, గుడ్డులో సాల్మొనెల్లా క్రిమి ఉన్నప్పుడు అది పెరగడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. హైదరాబాద్‌లో మోమోలు తిని పలువురు ఆసుపత్రి పాలై, ఒక మహిళ చనిపోయిన తర్వాత తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్ల మయోనైజ్‌ను 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. కేరళ 2023లోనే ఆ పని చేసింది, తమిళనాడు 2025లో చేసింది.

నిషేధాన్ని నేను సమర్థిస్తాను. కానీ తనిఖీ అధికారి ప్రతి వీధికీ రోజూ రాలేడు, మీరు వెళ్తారు. అందుకే అడగండి. ‘మయోనైజ్‌ మీరే చేస్తారా, కొంటారా? ఎక్కడ పెడతారు?’ ఈ రెండు ప్రశ్నలు చాలు. నేను అడిగితే ఆ హోటలాయన నొచ్చుకోలేదు, ఫ్రిజ్‌ తెరిచి గుడ్డు లేని రకం ప్యాకెట్‌ చూపించాడు. కూరగాయల దగ్గర అయిదు రూపాయలకు బేరమాడే మనం, పిల్లల నోట్లోకి వెళ్లేదాని గురించి అడగడానికి ఎందుకు మొహమాటపడతామో నాకు అర్థం కాదు. ఒక్క ఫుడ్‌పాయిజనింగ్‌ కేసుతో అలాంటి కుటుంబం ఉపాధి పోతుంది. ఆ ప్రశ్న వాళ్లకూ మేలే. చిన్న హోటళ్లవాళ్లకు ఆహార భద్రతపై శిక్షణ ఇచ్చే కార్యక్రమం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి ఉంది. దాడులకు ఇచ్చే ప్రచారంలో సగం దానికి ఇస్తే బాగుంటుంది.

ఆ హోటల్లో నేను మార్కులు కోసింది నూనె దగ్గర. ఫ్రెంచ్‌ ఫ్రైస్‌ వేయించే నూనె నల్లబడి, చిక్కగా, పైన నురగతో కనిపించింది. అవి వద్దన్నాను, నూనె మార్చమని ఆయనకు చెప్పాను కూడా. పదేపదే కాచిన నూనెలో పోలార్‌ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. సాయంత్రం బండి దగ్గర మిరపకాయ బజ్జీలకూ ఇదే వర్తిస్తుంది, బర్గర్‌ను తిట్టి బజ్జీని మెచ్చుకునేవాళ్లు గమనించాలి. ఇక పక్కన పెట్టుకునే కోలా 250 మిల్లీలీటర్లు తాగితే దాదాపు ఆరు చెంచాల చక్కెర లోపలికి పోయినట్టే. పిల్లలకు నెలకు ఒకటి రెండుసార్లు బర్గర్‌ అయితే నాకు అభ్యంతరం లేదు, కోలాతో మాత్రం ఉంది. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవయసువాళ్లు, షుగర్‌ ఉన్నవాళ్లు మయోనైజ్‌ లేకుండా చేయమని చెప్పడం మంచిది.

పార్సిల్‌ తెచ్చుకుంటే రెండు గంటల్లోపు తినేయండి. మిగిలింది మర్నాడు వేడి చేసి పెట్టొద్దు, కొన్ని క్రిములు వదిలే విషం వేడికి పోదు.

తిన్న గంట నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవడం, ఆరు గంటల నుంచి మూడు రోజుల్లో జ్వరం, విరేచనాలు రావడం ఫుడ్‌పాయిజనింగ్‌లో మామూలుగా చూసేవే. ఓఆర్‌ఎస్‌ను గుక్కగుక్కగా పట్టండి. విరేచనాలు ఆపే మాత్రలు పిల్లలకు సొంతంగా వేయొద్దు. మలంలో రక్తం, తగ్గని జ్వరం, మగత, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, ఏది తాగినా వాంతి అవడం.. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. వచ్చేటప్పుడు ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో, కలిసి తిన్నవాళ్లలో ఇంకెవరికి బాగోలేదో కాగితం మీద రాసుకుని తెస్తే మాకు సగం పని తగ్గుతుంది.