రేపు పలుకువాడెవడు?

ఉద్యోగార్థి యొకడు తన రెజ్యూమేలో ‘ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్’ అని పెద్ద యక్షరములతో వ్రాసికొనియుండగా, ఏమి చేసితివి నాయనా యని యడిగితిని. ఒక రీడ్‌మీ ఫైలులో రెండు కామాలు దిద్దితినని యతడు వినయముగా సెలవిచ్చెను. ఇతడొక్కడే యైనచో నేనింత వ్రాయకపోదును. 2020లో హాక్టోబర్‌ఫెస్ట్ అను నుత్సవమున నాలుగు పుల్ రిక్వెస్టులకు, అనగా సవరణ ప్రతిపాదనలకు, టీషర్టు నిత్తుమనగా, నిష్ప్రయోజనములైన సవరణలు వెల్లువలై వచ్చిపడి, వానిని త్రోసిపుచ్చుటయే ప్రాజెక్టులను సాకు మెయింటెయినర్లకు పనియయ్యెను. తుదకు, సమ్మతించిన ప్రాజెక్టులకే యుత్సవమును పరిమితము చేయవలసివచ్చెను. 2024 తొలినాళ్ళలో ఒక వీడియో పాఠమును చూచి ఎక్స్‌ప్రెస్ అను ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు రీడ్‌మీలో తమ పేరులు చేర్పబూనిన విద్యార్థులలో పెక్కురు మనదేశపువారే యని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

కోడ్ బాగుగా నుండిన చాలునన్నది మరియొక భ్రమ. కాన్ కొలివాస్ అను నాస్ట్రేలియా మత్తువైద్యుడు లినక్స్ కెర్నెల్‌కు, ప్రాసెసరు కాలమును పనులకు సమముగా పంచు షెడ్యూలరు నొకదానిని వ్రాసెను; డెస్క్‌టాప్ వాడువారు పలువురు మెచ్చిరి; అయినను 2007లో లినక్స్ కర్తయగు లైనస్ టోర్వాల్డ్స్, కెర్నెల్ రచయితలలో నొకడైన ఇంగో మోల్నార్ వ్రాసిన సి.ఎఫ్.ఎస్. అను షెడ్యూలరునే స్వీకరించెను. లోపము చెప్పవచ్చినవారితో కొలివాస్ వాదులాడునే గాని సవరింపడన్నది టోర్వాల్డ్స్ చూపిన కారణము. ఆ తీర్పు నాకు కఠినముగనే తోచును, ఏలయన అట్టి పద్ధతి సాధ్యమని నిరూపించినవాడు కొలివాసేయని మోల్నారే యంగీకరించెను. కాని యందలి సూత్రమును కాదనజాలను. చేర్చుకొన్న ప్రతి ప్యాచ్‌ను పిదప సాకవలసినవాడు తానే గనుక, తప్పు బయటపడిన నాడు పిలిచిన పలుకువాడెవడా యని మెయింటెయినరు ముందుగా చూచును.

అట్లు పిలిచిన పలుకుచు నిలిచినవారికి దృష్టాంతముగా, లినక్స్‌లో పని నిర్ణీత వ్యవధిలో ముగియునట్లు చేయు ‘రియల్ టైమ్’ ప్యాచ్‌లను చూడుడు. 2004 ప్రాంతమున మొదలై, మ్యూటెక్స్‌లనియు, హెచ్ఆర్‌టైమర్లనియు, ఎఫ్‌ట్రేస్ అనియు తునకలు తునకలుగా కెర్నెల్‌లోనికి పోయి, మిగిలిన ముఖ్యభాగము 2024లో 6.12 వెర్షన్‌కు గాని చేరలేదు. దాదాపు ఇరువదియేండ్లు ఆ పనివారు విసుగక నిలిచిరి!

ఇరువదియేండ్లమాట యటుండనిండు, ఇతరులు వ్రాసిన కోడును ఇరువది పుటలైనను ఓపికతో చదువుమని చెప్పువారు మన ఇంజనీరింగ్ కళాశాలలలో నెందరున్నారు? పైతరగతివారి ల్యాబ్ రికార్డును చూచి దింపుకొనుట యొక్కటే యిచ్చట పఠనము. ఫైనలియర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనితెచ్చి సమర్పించినవానిని, అందలి యొక్క పంక్తినైనను వివరింపుమని వైవాలో నడుగక, ఎక్స్‌టర్నల్ పరీక్షకుడు మార్కులు వేసి, తన భత్యమును లెక్కపెట్టుకొని బస్సెక్కును.