సీసాలో మొక్క సరే, కడిగేదెవరు?

మనీప్లాంట్ కొమ్మ తుంచి సీసా నీళ్ళలో వేస్తే చాలు, మట్టి అక్కర్లేదు, పని అసలే ఉండదు అంటారు. అలా చెప్పేవాళ్ళను నాకు ఒకటే అడగాలనిపిస్తుంది. ఆ సీసా కడిగేది ఎవరండీ?

నీళ్ళలో పెంచే మొక్కలంటే నాకేం కోపం లేదు. కరీంనగర్‌లో కిరాయి ఇళ్ళల్లో ఉండేవాళ్ళకు మట్టి ఎక్కడిది? కుండీ పెడితే గచ్చు మీద మరక పడిందని ఓనరు సణుగుడు. మన ఎండలకు కిటికీలో నాలుగు పచ్చని ఆకులుంటే కంటికైనా చల్లగా ఉంటుంది. కానీ పని లేదన్న మాట మాత్రం అబద్ధం.

డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు మోరి నీళ్ళు అక్కర్లేదు, సీసాలోని తేట నీళ్ళే ఇష్టం. నీళ్ళ అంచుకు కాస్త పైన, సీసా గోడకు గుడ్లు పెట్టిపోతుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి చావవు. మళ్ళీ నీళ్ళు తగిలితే ఎనిమిది, పది రోజుల్లో దోమలై లేస్తాయి. అందుకే పాత నీళ్ళు పారబోసి కొత్తవి పోస్తే సరిపోదు. వారం దాటకుండా సీసా లోపల పీచు పెట్టి రుద్దాలి, వేళ్ళు కడగాలి. 2001లో చైనా నుంచి నీళ్ళలో పెట్టి పంపిన లక్కీ బాంబూ మొక్కలతో పాటు అమెరికాలోని కాలిఫోర్నియాలో ఏడిస్ జాతి దోమలూ ఓడ దిగాయి!

2020 మే నెలలో మన రాష్ట్రంలో "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని పిలుపునిచ్చి, అప్పటి మంత్రి కేటీఆర్ తానే ఇంట్లో నిలిచిన నీళ్ళు పారబోశారు. మరి మన ఇళ్ళల్లో ఆ పది నిమిషాలు ఎవరి నెత్తిన పడ్డాయి?

"ఒక్క సీసాకు ఇంత లొల్లా?" అంటారు. ఒక్క సీసానా? కూలర్ తొట్టి, ఫ్రిజ్ వెనక ట్రే, మిద్దె మీది డ్రమ్ము, అన్నీ ఒక్కరికే గుర్తుండాలి. పిల్లకు జ్వరమొస్తే మాత్రం "ఇంట్ల ఉండి ఏం చేస్తున్నవ్?" అని ఆ ఒక్కరినే అడుగుతారు.

సీసాలు పారేయమని చెప్పను. ముచ్చటపడి తెచ్చినవాళ్ళే కడగాలంటాను. ఆదివారం పదింటికి కూలర్ ఆయనది, సీసాలు పిల్లలవి. ఎవరూ ముందుకు రాకపోతే సీసా రుద్ది, తుడిచి అల్మారాలో పెట్టేయండి. కొమ్మను పెరడు ఉన్న ఇంటికి ఇచ్చేయండి, అక్కడ హాయిగా పాకుతుంది.