తెరమీద తప్పిపోయిన కథకుడు

నవలను దాని తెరరూపంతో పోల్చబోయిన విమర్శకుడికి ఈ మధ్య ఒక సమాధానం సిద్ధంగా ఎదురవుతోంది. మూలవిధేయత కాలం చెల్లిన కొలమానమనీ, అనుసరణను స్వతంత్ర కృతిగానే చూడాలనీ దాని సారాంశం. లిండా హచియన్ 'ఎ థియరీ ఆఫ్ అడాప్టేషన్' 2006లో వెలువడిన తర్వాత ఈ మాటకు సిద్ధాంతగౌరవం కూడా దక్కింది. మూలానికి ఎంత దగ్గరగా ఉందన్న ఒక్క ప్రమాణంతో అనుసరణ విలువ కట్టడాన్ని ఆమె నిరాకరించారు గాని, రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడాన్ని కాదు. ఆ తేడాను పట్టించుకోకుండా, ఏం పోయిందని అడగడమే అమాయకత్వమన్నట్టు మాట్లాడటం ఇప్పుడు పరిపాటి అయింది. దీనికి ఎదురుగా మరో అలవాటు ఉంది. అది మనకు మరింత సన్నిహితమైనది. నవలలోని సన్నివేశాలు ఒక పక్క, చిత్రంలోని సన్నివేశాలు మరో పక్క రాసుకుని, ఉన్నవీ లేనివీ లెక్కకట్టి, దాన్నే తులనాత్మక పరిశీలన అనడం. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 'డాక్టర్ చక్రవర్తి' (1964) అయిన తీరును గాని, యద్దనపూడి సులోచనారాణి 'జీవన తరంగాలు' తెరకెక్కిన తీరును గాని ఇలా పట్టికలు వేసి తేల్చేయవచ్చు. ఆ నవలల బలం చాలావరకు కథాగమనంలోనే ఉంది కనుక పట్టిక కొంత పని చేస్తుంది కూడా.

అది బొత్తిగా పని చేయని చోటు ఒకటి ఉంది. సంఘటనలన్నీ ఉండి, వరుస తప్పకుండా ఉండి, సంభాషణలు సైతం మూలంలోవే అయి ఉండి, నవల మాత్రం లేకుండా పోయిన అనుసరణ అది. జపనీ లైట్ నవల 'యహారి ఓరె నో సెయిషున్ రబుకొమె వా మచిగత్తెయిరు'కు వచ్చిన అనిమే రూపం అటువంటిది. నా యౌవన ప్రేమహాస్యం అనుకున్నట్టే తప్పుదారి పట్టిందని ఆ పేరుకు స్థూలంగా అర్థం. పాఠకలోకంలో దాని పొట్టిపేరు 'ఒరెగైరు'.

లైట్ నవల అంటే యువపాఠకుల కోసం, చేతిలో ఇమిడే బుంకో పరిమాణంలో, మధ్యమధ్య బొమ్మలతో, పొట్టి పేరాలతో, సంభాషణ ప్రధానంగా వచ్చే కాల్పనిక రచన. ఈ నవలా రచయిత వతారి వతారు, చిత్రకారుడు పొంకన్8. షొగకుకన్ సంస్థకు చెందిన గగగ బుంకో శ్రేణిలో 2011 మార్చిలో మొదటి సంపుటం, 2019 నవంబరులో చివరిదైన 14వ సంపుటం వెలువడ్డాయి. లైట్ నవలల వార్షిక మార్గదర్శి 'కొనొ లైట్ నావెల్ గ సుగొయి' 2014, 2015, 2016 సంచికల్లో వరుసగా మూడుసార్లు దీనికి ప్రథమస్థానం దక్కింది. బజారు సరుకని పక్కకు నెట్టేవారు ఒక్క సంపుటమైనా చదివి ఆ మాట అనడం మంచిది.

కథ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. చిబలోని ఒక ఉన్నత పాఠశాలలో హికిగయా హచిమన్ అనే ఒంటరి విద్యార్థి ఉంటాడు. పాఠశాల జీవితంపై వ్యాసం రాయమంటే, యౌవనం పేరిట అందరూ ఆడేది నాటకమని నిందిస్తూ రాసి ఇస్తాడు. హిరత్సుక షిజుక అనే ఉపాధ్యాయిని అతన్ని సేవాబృందంలో చేరుస్తుంది. అక్కడ యుకినొషిత యుకినొ, యుయిగహమ యుయి అనే ఇద్దరు సహాధ్యాయినులతో అతని బంధం పెనవేసుకుంటుంది. ఇంత మాత్రమే అయితే ఇటువంటి నవలలు పుట్టలు పుట్టలుగా ఉన్నాయి. దీన్ని వాటి నుంచి వేరు చేసేది ఉత్తమపురుష కథనం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ ఉత్తమపురుషుడు మనకు చెప్పే అబద్ధం. హచిమన్ పరిశీలన సూక్ష్మం, వ్యాఖ్యానం వక్రం. ఎదుటివారు చూపు తిప్పుకోవడం, మాట మధ్యలో ఆపడం, అడుగు వెనక్కి వేయడం, అన్నీ అతని కంట పడతాయి. పడినదాన్ని పడినట్టే రాస్తాడు. రాసిన మరుక్షణం దానికొక తప్పుడు అర్థం చెబుతాడు. ఆమె జాలిపడిందంటాడు, మర్యాదకు అన్నదంటాడు, అందరితోనూ అలాగే ఉంటుందంటాడు. గతంలో తిన్న దెబ్బలు అతనికి నేర్పిన ఆత్మరక్షణ అది. పాఠకుడు అతని కళ్లను నమ్మి అతని మాటను నమ్మకుండా చదవాలి. ఈ నవలలో ప్రేమకథ నడిచేది ఆ చూపుకూ ఆ మాటకూ మధ్య ఉన్న సందులోనే.

మన అలంకారశాస్త్ర పరిభాషలో దీన్ని చెప్పడం సులువు. కథకుడి వాక్యానికి వాచ్యార్థం ఒకటి, దాన్ని తోసుకుని పైకి వచ్చే వ్యంగ్యార్థం మరొకటి. వాచ్యం బలంగా, మొండిగా నిలిచి ఉంటేనే వ్యంగ్యం స్ఫురిస్తుంది. అనిమే ఏం చేసింది? హచిమన్ చూసినదాన్ని తీసుకుని బొమ్మగా గీసింది. అతను దానికి చెప్పిన వక్రవ్యాఖ్యానాన్ని చాలాచోట్ల వదిలేసింది. యుయి బుగ్గలు ఎర్రబడటం తెరమీద కనబడుతుంది. వెనక వాద్యం మెల్లగా మొదలవుతుంది. ఆమె మనసు ప్రేక్షకుడికి క్షణంలో తెలిసిపోతుంది. నవలలో వ్యంగ్యమైనది ఇక్కడ వాచ్యమై కూర్చుంది. ఫలితంగా పాఠకుడి శ్రమ పోయింది, శ్రమతో పాటు పాఠకుడి భయం కూడా పోయింది. నవల చదువుతున్నంతసేపూ, ఇతను అంటున్నదే నిజమేమో, ఆమెకు ఇతనిపై ఏమీ లేదేమో అన్న శంక వదలదు. తెరమీద ఆ శంకకు తావు లేదు. అక్కడ హచిమన్ అందరికీ కనబడేది తనకు మాత్రం కనబడని మందమతిగా తోస్తాడు. నవలలోని హచిమన్ చూడలేనివాడు కాడు, చూసి ఒప్పుకోనివాడు. ఈ రెండు పాత్రలూ ఒకటి కావు.

ఆరో సంపుటంలోని సాంస్కృతికోత్సవ ఘట్టం తీసుకుందాం. ఉత్సవసంఘ అధ్యక్షురాలు సగామి మినామి బాధ్యత మోయలేక ముగింపు వేళ డాబామీదికి పారిపోతుంది. ఆమెను వేదికమీదికి రప్పించడానికి హచిమన్ ఆమెను ఘోరంగా అవమానిస్తాడు. హయమ హయతొ అతని మీదికి వెళ్లవలసి వస్తుంది. సగామి బాధితురాలై, సానుభూతి పొంది, తిరిగి వస్తుంది. హచిమన్ అందరికీ చెడ్డవాడవుతాడు. తెరమీద ఇది త్యాగం. చిత్రీకరణ ఉద్వేగభరితం, ప్రేక్షకుడి మనసు వెంటనే కథానాయకుడి పక్షం వహిస్తుంది. నవలలో అంత సులువు కాదు. ఆ పని అతనికి ఎంత తృప్తినిచ్చిందో, తన నీచత్వాన్ని తానే ప్రదర్శించుకోవడంలో ఎంత గర్వం ఉందో, అది ఎంతవరకు సేవ, ఎంతవరకు తనను ఎవరూ దగ్గరకు రానీయకుండా కట్టుకునే గోడ అన్నది అతని తర్కం వెంట నడిచిన పాఠకుడికే తెలుస్తుంది. ఆ తర్కం పొడుగు, కొన్నిచోట్ల విసుగు పుట్టిస్తుంది కూడా. ఆ విసుగు కూడా పాత్రచిత్రణలో భాగమే. తర్కాన్ని కుదించి చర్యను మిగిల్చినప్పుడు, రచయిత రోగంగా చూపినదాన్ని తెర వీరత్వంగా చూపింది.

ఏడో సంపుటంలో క్యోటో విహారయాత్రకు వచ్చేసరికి ఈ నష్టానికి మూల్యం చెల్లించవలసి వస్తుంది. అక్కడ తొబె అనే సహవిద్యార్థి ఎబిన హినకు ప్రేమ ప్రకటించబోతుండగా, హచిమన్ అతన్ని తప్పించి తానే ఆమెకు బూటకపు ప్రేమప్రకటన చేస్తాడు. యుకినొ, యుయి దానికి గాయపడతారు. డాబామీది చేష్టను త్యాగంగా స్వీకరించిన ప్రేక్షకుడికి వీరి కోపం అకారణంగా కనిపిస్తుంది. నవల పాఠకుడికి మాత్రం, ఇది ముందే రావలసిన కోపం, ఆలస్యంగా వచ్చింది.

ఇక్కడ సాధారణంగా వినిపించే సమర్థన సమయాభావం. కాదనలేని మాటే. లైట్ నవలల అనిమేలు సాధారణంగా 12, 13 భాగాల విడతల్లో వస్తాయి. చాలాసార్లు అవి సాగుతున్న నవలకు ప్రచారసాధనాలు కూడా. పుస్తకం కొనిపించడం వాటి ప్రయోజనాల్లో ఒకటైనప్పుడు, మిగిలినది పుస్తకంలో చదువుకోండి అనే ధోరణి సహజం. 2013లో బ్రెయిన్స్ బేస్ నిర్మాణంలో, యొషిమురా ఐ దర్శకత్వంలో వచ్చిన మొదటి విడత 13 భాగాల్లో ప్రధానంగా ఆరు సంపుటాలను ఇరికించింది. 2015లో ఫీల్ సంస్థ, ఒయికవ కెయి దర్శకత్వంలో, మరో 13 భాగాల్లో 7 నుంచి 11 దాకా నడిపించింది. అయితే 2020లో అదే సంస్థ, అదే దర్శకుడు తెచ్చిన మూడో విడతకు 12 భాగాలున్నాయి, మిగిలినవి మూడే సంపుటాలు. నవల అప్పటికే పూర్తయింది. ముగింపు తెలుసు, వ్యవధి ఉంది. సమయాభావమే అసలు కారణమైతే ఈ విడత అన్నింటికంటే మెరుగ్గా ఉండాలి. కథకుడు అన్నింటికంటే ఎక్కువగా మౌనం వహించింది ఈ విడతలోనే. ఖాళీ దొరికినచోటల్లా దాన్ని నింపింది సాయంకాలపు వెలుగు, దించుకున్న కనురెప్పలు, నిట్టూర్పులు. మూడో విడత అందంగా లేదని ఎవరూ అనరు. ఆ అందం ఎవరి కంటికి కనిపిస్తున్నదన్నదే ప్రశ్న. హచిమన్ కంటికి మాత్రం కాదు.

మరో సమర్థన ఉంది. అంతరంగ కథనం దృశ్యమాధ్యమ స్వభావానికి విరుద్ధమని. సిద్ధాంతంగా వినడానికి బాగుంటుంది గాని, అనిమే చరిత్రే దీన్ని పూర్వపక్షం చేస్తుంది. క్యోటో యానిమేషన్ 2006లో తీసిన 'సుజుమియ హరుహి నొ యూత్సు'లో క్యోన్ స్వగతం ఎక్కడ ఆగి సంభాషణ ఎక్కడ మొదలైందో తెలియనంతగా కలిసిపోతుంది. నిసియొ ఇసిన్ రచనకు షాఫ్ట్ సంస్థ 2009లో ఇచ్చిన 'బకెమొనొగతరి' కథకుడి గద్యాన్ని అక్షరాలుగానే తెరమీద మెరిపించింది. చదవడానికి చాలనంత వేగంగా మెరిసి మాయమయ్యే ఆ పుటలు, ఇది ఎవరో రాస్తున్న కథ అని క్షణక్షణం గుర్తుచేస్తాయి. మొరిమి తొమిహికొ నవలకు యుఅస మసఅకి 2010లో చేసిన 'యొజోహన్ షిన్వా తైకెయి' 11 భాగాల పొడుగునా ఊపిరి సలపని స్వగతంతో నడుస్తుంది. మాధ్యమం అడ్డుపడలేదు. 'ఒరెగైరు' నిర్మాతలు వాస్తవిక నాటకశైలిని ఎంచుకున్నారు. ఎంపికను ఎంపికగా విమర్శించాలి, మాధ్యమధర్మం చాటున దాచకూడదు.

దక్కినవి లేవని కాదు. తొమ్మిదో సంపుటంలో మరో పాఠశాల విద్యార్థి నాయకుడు తమనవ, ఇంగ్లీషు మాటలను కతకనలో కుప్పపోసి ఏమీ చెప్పకుండా గంటలు మాట్లాడే ఘట్టం ఉంది. తెరమీద అతని చేతుల విన్యాసం నవలలోని హాస్యాన్ని మించిపోయింది. సదస్సులకు హాజరయ్యే అలవాటున్న మనకు ఆ హాస్యం ఇంకొంచెం ఎక్కువగానే అర్థమవుతుంది. అదే సంపుటంలో హచిమన్ తన కోరికను మొదటిసారి ఆ ఇద్దరి ఎదుట బయటపెట్టే ఘట్టం రెండో విడత ఎనిమిదో భాగంలో వస్తుంది. గాత్రధారి ఎగుచి తకుయ గొంతు అక్కడ వణికిన తీరు ఏ అక్షరానికీ సాధ్యం కాదు. స్వగతంలో కొంత కూడా అక్కడ నిలిచింది. ఆ భాగం గట్టిగా నిలబడటానికి కారణం అదే కావచ్చు. అయితే నవలలో ఆ మాటకు బలం దాని ముందు ఎనిమిది సంపుటాల పాటు సాగిన నిరాకరణ నుంచి వచ్చింది. తనకేమీ అక్కరలేదని అన్ని వందల పుటలు వాదించినవాడు ఒక్కసారి కావాలని అడిగినప్పుడు పడే దెబ్బ వేరు. వాదనను సగం కూడా విననివాడికి అది హృద్యమైన కన్నీటి దృశ్యం మాత్రమే. 'అంపశయ్య'లో రవి ఆలోచనలను తీసివేస్తే ఒక విద్యార్థి దినచర్య మిగులుతుంది. అది నవీన్ నవల సారాంశమని ఏ తెలుగు పాఠకుడూ ఒప్పుకోడు.

చివరి సంపుటంలో, వంతెనమీద, యుకినొ ఎదుట హచిమన్ చేసే ప్రేమప్రకటనలో ప్రేమ అన్న మాటే లేదు. ఆమె జీవితంలో తాను చేసే మార్పుకు బాధ్యత వహించే అవకాశం కావాలని మెలికలు తిరిగిన వాక్యాల్లో అడుగుతాడు. తెరమీద ఈ మాటలు దాదాపు అన్నీ ఉన్నాయి. పట్టిక వేసే పరిశోధకుడు ఇక్కడ పూర్తి మార్కులు వేస్తాడు. ప్రేక్షకుల్లో చాలామందికి అవి విచిత్రంగా, కృతకంగా వినిపించడానికి కారణం అనువాదం కాదు. అంతవరకు 'ఇష్టం' అన్న మాటను అతను ఎన్ని విధాల కల్తీగా అనుమానించాడో, అరువు తెచ్చుకున్న ఏ మాటనూ తన నోట రానీయకూడదని ఎందుకు పట్టుపట్టాడో వారు వినలేదు. కారణం పోయి కార్యం మిగిలితే అది చాదస్తంగానే కనబడుతుంది.

పదో సంపుటం గురించి చెప్పకపోతే ఈ వాదం సగమే. రెండో విడతలో ఆ సంపుటానికి దక్కిన చోటు ఒకటి, ఒకటిన్నర భాగాలకు మించదు. ఆ సంపుటంలో మధ్యమధ్య కొన్ని స్వగతలేఖలు వస్తాయి. అవి ఎవరివో రచయిత చెప్పడు. వాటి నీడలో దజయి ఒసాము నవల 'నింగెన్ షిక్కకు' కదులుతుంది. అవి హచిమన్‌వా, హయమవా, యుకినొవా అని పాఠకులు తర్కించుకుంటూనే ఉన్నారు. ఆ తర్కం తెగకపోవడమే వాటి ప్రయోజనం. ఒకరి మనసులో ఉన్నది మరొకరిదీ కావచ్చునన్న సూచనతో, తన ఒంటరితనం తనకే ప్రత్యేకమనుకునే కథకుడి అహంకారాన్ని నవల అక్కడ నిశ్శబ్దంగా కూలుస్తుంది. కర్తను లోపింపజేసి వాక్యం నడపగల జపనీ భాషలో ఇది సాధ్యమైంది. తెలుగులోనూ సాధ్యమే. 'వెళ్లాను', 'భయపడ్డాను' అన్న మన ఉత్తమపురుష క్రియలో స్త్రీపురుష భేదం లేదు. హిందీ అనువాదకుడు మొదటి భూతకాలక్రియ దగ్గరే చిక్కులో పడతాడు, తెలుగు అనువాదకుడికి ఆ చిక్కు రాదు. గాత్రధారి చేత ఆ లేఖలు చదివించే అనిమేకు మాత్రం, మొదటి అక్షరం పలికించిన క్షణానే అది ఎవరి గొంతో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది.