తుమ్మ పేరు మారితే తప్పేమిటి?

శాస్త్రీయ నామం గొప్పతనం అది మారకపోవడంలోనే ఉందని మన చదువులు నూరిపోశాయి. ఊరికో పేరున్నా శాస్త్రానికి ఒకటే పేరు, అదీ శాశ్వతం అన్న నమ్మకం. అందుకే నల్లతుమ్మ ఇక అకేసియా నిలోటికా కాదు, వాచెల్లియా నిలోటికా అనగానే శాస్త్రజ్ఞులకు వేరే పని లేదా అని విసుక్కుంటాం. నిజానికి 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దాన్ని మైమోసా నిలోటికా అన్నాడు. మనం శాశ్వతమనుకున్న అకేసియా కూడా మారి వచ్చిన పేరే. రెండు మాటల నామంలో మొదటిది ప్రజాతిని చెబుతుంది. ఇది ఫలానా మొక్కలకు దగ్గరి చుట్టమన్న వాదన అందులో ఉంది. వాదన తప్పని తేలాక పేరును పట్టుకు వేలాడటం నిలకడ అనిపించుకోదు.

తుమ్మ విషయంలో తేలిందేమిటో చూడండి. పాత అకేసియాలో 1,300కు పైగా జాతులుండేవి. నల్లతుమ్మకు ఆకు మొదట్లో ఉండే జంట ముళ్లు పత్రపుచ్ఛాలు మారి ఏర్పడినవి. సండ్ర, శీకాయల కొక్కేల ముళ్లు అలా పుట్టినవి కావు. మన రోడ్ల పక్కన పెంచే ఆస్ట్రేలియా తుమ్మకైతే ముళ్లే లేవు, ఆకులా కనిపించేది వెడల్పైన కాడ. డీఎన్ఏ పోల్చి చూస్తే ఆస్ట్రేలియా గుంపు నల్లతుమ్మ కంటే దిరిసెన, సీమచింతలకే దగ్గరని తేలింది. దగ్గరి చుట్టాన్ని బయట నిలబెట్టి దూరపు చుట్టాలను ఒకే ఇంటిపేరుతో పిలవడం ఎలా? ప్రజాతిని విడదీయక తప్పలేదు.

అయితే అకేసియా అన్న పేరు ఎవరికి దక్కాలన్నది ఓట్లతో తేల్చారు కదా, అది శాస్త్రమా అంటారు. ఈ ఆక్షేపణలో బలముంది. 2005లో వియన్నా వృక్షశాస్త్ర మహాసభలో ఆ పేరును ఆస్ట్రేలియా మొక్కలకు ఇవ్వరాదని సగానికి మించి ఓట్లు పడ్డాయి. అయినా నిబంధన కోరిన 60 శాతం రాక, వాటికే ఇవ్వాలన్న నిర్ణయం నిలిచింది, 2011లో మెల్‌బోర్న్‌లో స్థిరపడింది. అప్పటిదాకా ఆ పేరుకు ప్రమాణంగా ఉన్నది మన నల్లతుమ్మే కనుక ఆఫ్రికా, ఆసియాల వారి బాధ న్యాయమైనదే. కానీ ఓటు తేల్చింది పేరు పంపకాన్నే, చుట్టరికాన్ని కాదు. సుమారు వెయ్యి జాతులు ఆస్ట్రేలియా వైపు ఉండటంతో తక్కువ పేర్లు మారే దారి ఎంచుకున్నారు. ఓటు ఎటు పడినా సండ్ర, శీకాయ సెనెగాలియా అనే వేరే ప్రజాతిలోకి వెళ్లేవే. పాత పేర్లు పర్యాయ నామాలుగా నమోదై ఉంటాయి కనుక పాత పుస్తకాలు, హెర్బేరియం నమూనాలు దారి తప్పవు.