ఎవరి తెలుగు లెక్క?

"తర్కంతో ఇక పనిలేదు, కోట్ల వాక్యాలు కంప్యూటరుకు పోసి లెక్కపెట్టిస్తే అర్థం దానంతటదే తేలుతుంది" అని మన సభల్లో కూడా కొందరు మిత్రులు ఘంటాపథంగా చెబుతున్నారు. ఒప్పుకోవడానికి వీల్లేదు. ఒప్పుకుంటే ముందుగా నష్టపోయేది పొరుగు రాష్ట్రాల్లో ఉన్న మనమే.

"పిల్లలందరూ రాలేదు" అంటే ఒక్కరూ రాలేదనా, కొందరే వచ్చారనా? రెండర్థాలనూ విడదీసి, దేన్నుంచి ఏం తేలుతుందో చెప్పేది తర్కమే. ఇంగ్లీషునైనా గణిత తర్కమంత కచ్చితంగా విశ్లేషించవచ్చని 1970లో రిచర్డ్ మాంటెగ్యూ వాదించాడు. పక్కమాటలను బట్టి మాటను పోల్చుకోమన్నది 1957లో ఫర్త్ చూపిన దారి. మంచిదే. కాని ఉత్త లెక్కకు "మంచి", "చెడ్డ" దగ్గరి చుట్టాలు! రెండూ ఒకేరకం చోట్ల వస్తాయి మరి.

అట్లని తర్కం ఒక్కటే చాలదు. పందిట్లో ముగ్గురు పిల్లలు కనబడుతుంటే "ఒక్కరూ రాలేదు" అన్న అర్థాన్ని ఎవరూ తీసుకోరు. ఆ ఎంపిక సంభావ్యత పని. 2012లో ఫ్రాంక్, గుడ్‌మన్ రెంటినీ జతచేసి చూపారు: మాట ఎప్పుడు నిజమో ముందు తేల్చాలి, చెప్పేవాడు ఈ మాటే ఎందుకు ఎంచుకున్నాడో వినేవాడు అంచనా కట్టాలి.

అసలు తగాదా ఇక్కడే. ఎవరి మాటలు లెక్కపెట్టి ఆ అంచనా? హోసూరులో మా ఇంట్లో "అవసరంగా రా" అంటే తొందరగా రమ్మని. చుట్టూ ఉన్న తమిళ కన్నడాల్లో ఆ మాటకున్న అర్థమది. మా కోడలు గుంటూరు పిల్ల. కాపురానికొచ్చిన కొత్తలో మా ఆవిడ "అవసరంగా రామ్మా" అంటే, "ఏం కావాలత్తయ్యా?" అంటూ తాపీగా వచ్చింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది! నెల తిరక్కుండా పిల్ల పట్టేసింది. ఎవరు మాట్లాడుతున్నారో చూసి అంచనా మార్చుకుంది, అంతే. హైదరాబాదు, విజయవాడ పత్రికలు మాత్రమే మేపిన యంత్రానికి ఆ వీలేదీ? మా ఆవిడ మాట దానికి తప్పుగానే తోస్తుంది.

కనుక తెలుగు వాక్యాలు పోగుచేసేవారిని నేను అడిగేది ఒకటే. హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూరు ఇళ్ళకు కూడా రండి. ప్రతి మాట పక్కన అది ఏ ఊరిదో రాసుకోండి. జనాభా లెక్కలకు వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడే మాతృభాష అడిగి రాసుకుపోతారు. అంతకన్నా మరీ పెద్ద పనేమీ కాదు.