రెండు దినార్ల హెడ్‌ఫోన్, పావలా దూది

పోయిన నెల ఫ్రిజ్ తలుపు రబ్బరు గురించి రాస్తే చాలామంది చేసి చూసి గ్రూపులో ఫోటోలు పెట్టారు, సంతోషం. ఈ నెల హెడ్‌ఫోన్ సంగతి. "మాకెందుకమ్మా, పిల్లలు చూసుకుంటారు" అనకండి. ఇంటికి ఫోన్ చేసుకునేది మనమే కదా.

నేనుండేది కువైట్‌లో, ఫహాహీల్ వైపు. ఒకే గదిలో ఇద్దరం నర్సులం. నాకు పగలు డ్యూటీ, ఆ అమ్మాయికి రాత్రి. నేను సాయంత్రం 4 గంటలకి ఇంటికి ఫోన్ చేస్తే రాజోలులో ఆరున్నర. అమ్మ దీపం పెట్టి అరుగు మీద కూర్చునే వేళ. ఇక్కడ ఆ అమ్మాయి ఇంకా పడుకునే ఉంటుంది. స్పీకర్ పెట్టడానికి లేదు. అందుకని అల్ రై ఫ్రైడే మార్కెట్‌లో 2 దినార్లకి చెవులంతా కప్పే వైరు హెడ్‌ఫోన్ ఒకటి కొన్నాను.

ఏం లాభం! అమ్మ గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండేది. "స", "ష" మాత్రం సూదిలా గుచ్చుకునేవి. పైన ఏసీ హోరు. వాల్యూమ్ చివరిదాకా పెంచి "ఆఁ? ఏంటమ్మా?" అని నేను అరవడం, పక్క మంచం మీద ఆ పిల్ల దుప్పటి ముసుగేసుకోవడం. ఒకరోజు మొహం మీదే అనేసింది, "చేచీ, నేను కూడా మనిషినే" అని. నిజమే కదా, ఏమంటాను!

ఆ రాత్రి పక్కకి తిరిగి పడుకుని అమ్మ పంపిన వాయిస్ మెసేజ్ వింటున్నా. దిండుకి ఆనిన చెవి వైపు అమ్మ గొంతు నిండుగా వినపడింది. రెండో వైపు అదే డబ్బా. తల ఎత్తితే రెండూ డబ్బాలే. అప్పుడు వెలిగింది. లోపం స్పీకర్లో కాదు, చెవికీ మెత్తకీ మధ్య ఉన్న సందులో.

నర్సులకి ఇది కొత్తేం కాదు. స్టెతస్కోపు చెవిలో సరిగ్గా కూర్చోకపోతే గుండె చప్పుడు వినపడుతుందా? ఇదీ అంతే. స్పీకర్‌లో పల్చటి పొర ముందుకీ వెనక్కీ ఆడుతూ గాలిని తోస్తుంది. చెవి చుట్టూ మూసి ఉంటేనే బేస్ అంటారే, ఆ లోతు శబ్దం నిలుస్తుంది. సందుంటే జారిపోతుంది. కీచు శబ్దాలకి ఆ బాధ లేదు, అవి అలాగే వస్తాయి. అందుకే మనిషి గొంతు పీలగా అయిపోతుంది. పైగా ఆ సందులోంచే ఏసీ హోరు లోపలికొస్తుంది.

మీదీ పరీక్షించుకోండి. తబలాయో డప్పో ఉన్న పాట పెట్టి, రెండు అరచేతులతో హెడ్‌ఫోన్‌ని చెవులకి మెల్లగా అదమండి. దరువు ఒక్కసారిగా బలంగా వినిపిస్తే మీకూ సందు ఉన్నట్టే. ముందు జుంకాలు తీసేయండి, జుట్టు వెనక్కి తోయండి. కళ్ళజోడు కాడ కూడా సందు చేస్తుంది. దానికే సగం తేడా తెలుస్తుంది.

మిగతా సగానికి మెత్తల పని. ఫోన్ నుంచి వైరు పీకేసి, మెత్త అంచు పట్టుకుని చుట్టూ మెల్లగా లాగితే చాలావాటికి ఊడి వస్తుంది. లోపల స్పాంజి అప్పడంలా ఉంటుంది. నేను పాత చున్నీ నుంచి వేలెడు వెడల్పు పీలిక చింపి, వత్తిలా పురిపెట్టి మెత్త కింద చుట్టూ దూర్చాను. చెవి వెనక, దవడ పైన మనందరికీ పల్లం ఉంటుంది, గాలి పోయేది అక్కడే. అక్కడ వత్తి కొంచెం లావుగా పెట్టాలి. మళ్ళీ మెత్త తొడిగితే అయిపోయింది. రెక్సిన్ పొట్టు రాలుతోందని కొందరు మెత్తల పైన గుడ్డ తొడుగులు వేస్తారు. చూడ్డానికి బాగుంటాయి గానీ గుడ్డలోంచి గాలి పోతుంది, బేస్ మళ్ళీ తగ్గుతుంది. దానికంటే కొత్త మెత్తలు కొనుక్కోవడం నయం, విడిగా దొరుకుతాయి.

చాలామందికి ఇక్కడితో ఆగిపోవచ్చు. నాకు చెయ్యి ఊరుకోలేదు. గోటితో వెనక ప్లాస్టిక్ మీద కొడితే "టక్ టక్" అని డొల్ల చప్పుడు. స్పీకర్ వెనక వైపు శబ్దం ఆ డొల్లలో కొట్టుకుని తిరిగొచ్చి మాటని అలికేస్తుంది. నాలుగు మరలు విప్పి, గోడకి పోస్టర్లంటించే జిగురు ముద్ద వేలి గోరంత లోపలి గోడకి అదిమాను. దూది ఉండని బాగా విప్పి, మబ్బులా పల్చగా చేసి లోపల పెట్టాను. ఫార్మసీలో కొన్న దూదేనండోయ్, వార్డులోది కాదు! మొదటిసారి అత్యాశకి పోయి కుక్కి పెట్టాను. అమ్మ నూతిలోంచి మాట్లాడినట్టయింది. సగం తీసేశాక కుదిరింది.

విప్పేటప్పుడు రెండు జాగ్రత్తలు. వైర్లు వెంట్రుకంత సన్నం, మూత ఒక్కసారిగా లాగకండి. స్పీకర్‌కి అయస్కాంతం ఉంటుంది, స్క్రూడ్రైవర్‌ని లాక్కుంటుంది, పొరకి చిల్లి పడిందంటే ఇక పారేయడమే. బ్లూటూత్ వాటిని మాత్రం అసలు విప్పొద్దు. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, దానికి మొన తగిలితే నిప్పంటుకునే ప్రమాదం. వాటికి మెత్తల పని వరకే. వైరుదైనా విప్పితే వారంటీ పోతుంది, 2 దినార్ల దానికి వారంటీ ఎవరిచ్చారు గనక!

ఇక సూదుల్లాంటి "స", "ష"లకి టిష్యూ కాగితం. రెండు పొరలుంటే విడదీసి ఒక్క పొర మాత్రమే తీసుకుని, గుండ్రంగా కత్తిరించి, స్పీకర్ ముందు మెత్త కింద పెట్టండి. పదును తగ్గుతుంది. రెండు వైపులా ఒకేలా చేయాలి, లేకపోతే తల ఒక పక్కకి ఒరిగినట్టుంటుంది. ఏ మార్పయినా ముందు ఒక వైపే చేసి, రెండో చెవితో పోల్చుకుని, నచ్చితేనే రెండోది చేయండి. ఫోన్‌లో ఈక్వలైజర్ ఉందిగా అంటారేమో, నా ఫోన్‌లో అది పాటలకే, కాల్స్‌కి పనిచేయదు.

ఒక తెలివితక్కువ పని కూడా చెప్పేస్తా. వైరు వంగిన చోట ఊడుతోందని మైక్రోపోర్ టేపు చుట్టాను. మైకు చిల్లు మీదుగా చుట్టేశానని తెలీదు. రెండు రోజులు అమ్మ "నీకేమైంది, నీరసంగా మాట్లాడతన్నావ్, తిన్నావా లేదా" అని ఒకటే గోల.

ఇప్పుడు వాల్యూమ్ సగంలోనే చాలుతోంది. ఇది చిన్న విషయం కాదు. పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలైతే 80 డెసిబెల్స్, పిల్లలకైతే 75 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకీ ఆ గంటలు సగమవుతాయి. బస్సు హోరు మీద గెలవడానికి పెంచుకుంటూ పోయే పిల్లలున్న ఇళ్ళలో ముందు ఆ మెత్తలు చూడండి.

నేను ఇదంతా రాయడానికి అసలు కారణం వేరే ఉంది. అమ్మకి బీపీ. ఎప్పుడడిగినా "బానే ఉన్నానే" అంటుంది. హెడ్‌ఫోన్ బాగుచేసిన మూడో రోజు, ఎదురింటి వాళ్ళ పెళ్ళి కబుర్లు చెప్తోంది. ఏసీ హోరు లేదు, అరుపుల్లేవు, నింపాదిగా వింటున్నా. ఒక్క వాక్యాన్ని మూడు ముక్కలు చేసి, మధ్యలో ఊపిరి తీసుకుంటూ చెప్తోంది. వార్డులో రోజూ వినే ఊపిరి అది. కబుర్లు ఆపి అడిగాను, "అమ్మా, రాత్రి ఎన్ని దిళ్ళు పెట్టుకుంటున్నావ్?"

"మూడేనే. వెల్లకిలా పడుకుంటే ఆయాసంగా ఉంటోంది" అంది, అదేదో మామూలు విషయమైనట్టు.

మర్నాడే తమ్ముడు అమలాపురం తీసుకెళ్ళాడు. గుండె పంపింగ్ తగ్గింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందన్నారు. మందులు మార్చారు, ఉప్పు తగ్గించమన్నారు. హెడ్‌ఫోనే కాపాడిందని నేను చెప్పను, ఇంకో పది రోజులకి కాళ్ళ వాపు చూసి తమ్ముడే తీసుకెళ్ళేవాడేమో. కానీ అంతకు ముందు ఎన్ని వారాలుగా ఆ ఊపిరి నా చెవిదాకా వచ్చి ఏసీ హోరులో కలిసిపోయిందో అనుకుంటే ఇప్పటికీ ఒకలా ఉంటుంది.

ఇప్పుడు ఒక్క దిండుతో పడుకుంటోంది. ఆవకాయ మానేయమన్నందుకు నా మీద కోపం. పక్క మంచం పిల్ల నిన్న తన హెడ్‌ఫోన్ కూడా తెచ్చి నా ఒళ్ళో పడేసింది, చున్నీ పీలికలు ఇంకా మిగిలున్నాయి లెండి. మీరు చేసి చూస్తే ముందూ తర్వాతా ఎలా ఉందో వాయిస్ మెసేజ్ పెట్టండి, అందరం విందాం.