రేకు పెట్టెలోని నికాహ్ క్యాసెట్లు

మా ఇంటి బీరువా మీద ఒక రేకు పెట్టె ఉంది. అందులో పదకొండు వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, ఇరవైకి పైగా వీసీడీలు ఉన్నాయి. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ పట్టణాల్లో ఇలాంటి పెట్టె చాలా ఇళ్లలో కనిపిస్తుంది. సెలవు దొరకక చెల్లెలి నికాహ్‌కు రాలేకపోయిన అన్న, నెలల తరువాత షార్జాలోని ఇరుకు గదిలో నలుగురు మిత్రులతో కూర్చుని ఆ వేడుకను చూసుకున్న కాలమది. ఆనాడు క్యాసెట్టు ఉత్తరం కంటె విలువైనది. నేడు దానిని ఆడించే యంత్రం దొరకడమే కష్టం. వీసీఆర్‌లను చివరి వరకు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో వాటి ఉత్పత్తిని నిలిపివేసింది.

గత రంజాన్ పండుగ వెళ్లిన తరువాత మా ఖాలాజాన్ ఒక కోరిక కోరారు. ఆమె నికాహ్ జరిగిన ఇల్లు ఈనాడు లేదు. మధ్య మానేరు జలాశయంలో మునిగిన గ్రామాలలో ఆ ఊరూ ఒకటి. ఆ ఇంటి వాకిలి, వేపచెట్టు, దాని నీడన కుర్చీలో కూర్చుని వచ్చినవారిని పలకరిస్తున్న నానీమా ఇప్పుడు ఒక్క క్యాసెట్టులోనే ఉన్నారు. “బేటా, ఒక్కసారి అమ్మీ గొంతు వినిపించు” అన్నారామె. ఈ నెల శీర్షిక ఆ పని గురించే.

మొదట క్యాసెట్టు కిటికీలోంచి టేపును పరీక్షించాలి. తెల్లని పొడి వంటి బూజు కనిపిస్తే దానిని వీసీఆర్‌లో పెట్టనే కూడదు. టేపు తెగవచ్చు, యంత్రానికి అంటిన బూజు తరువాతి క్యాసెట్టుకూ పాకుతుంది. శుభ్రంగా ఉంటే వీసీఆర్‌ను యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం ద్వారా కంప్యూటరుకు కలపవచ్చు. ఇందులో దగ్గరి దారి లేదు. మూడు గంటల టేపుకు మూడు గంటలూ పడుతుంది. మధ్యస్థమైన నాణ్యతతో గంటకు సుమారు 2 జీబీ అవుతుంది కనుక, 1 టీబీ హార్డ్ డిస్కులో ఒక కుటుంబపు టేపులన్నీ ఇమిడిపోతాయి. వీసీడీల పని తేలిక. డిస్కులోని ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరు నుండి ఫైళ్లను నకలు తీసుకుంటే చాలు. గీతలు పడిన డిస్కు మధ్యలో ఆగిపోతే మరొక డ్రైవులో ప్రయత్నించండి. మా మూడు డిస్కులు అలాగే దక్కాయి.

ఫైళ్లు చేతికి వచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. “వీడియో1”, “కొత్తది”, “ఫైనల్” అనే పేర్లతో ఎనభై ఫైళ్లు ఉంటే ఎవరు వెతకగలరు? ఇందుకు ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్లలో రెండు ప్రసిద్ధమైనవి. ఒకటి కోడి, ఎక్స్‌బాక్స్ ఆటయంత్రం కోసం పుట్టి, ఎక్స్‌బీఎంసీగా పెరిగి, 2014లో ఈ పేరు పెట్టుకుంది. టీవీకి కలిపిన ఒకే యంత్రంలో చూసుకునేవారికి అది చాలు. రెండవది 2018 డిసెంబరులో ఎంబీ నుండి విడివడిన జెల్లీఫిన్. దీనిని ఇంట్లోని ఒక పాత ల్యాప్‌టాప్‌లో నెలకొల్పితే, అదే వైఫైలో ఉన్న టీవీలోను, ఫోన్లలోను చూడవచ్చు. నేను దీనినే ఎంచుకున్నాను.

ఎంచుకుని, తప్పు చేశాను. లైబ్రరీ రకం అడిగినప్పుడు “మూవీస్” అని నొక్కాను. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఫైలు పేరును ఇంటర్నెట్‌లోని సినిమాల పట్టికతో పోల్చి చూస్తుంది. “నికాహ్” అని నేను పెట్టిన పేరుకు బి.ఆర్. చోప్రా 1982లో తీసిన హిందీ సినిమా పోస్టరు వచ్చి కూర్చుంది! ఖాలాజాన్ చూస్తే ఏమనేవారో! “హోమ్ వీడియోలు, ఫోటోలు” అనే రకాన్ని ఎంచుకుంటే ఈ బెడద ఉండదు.

పేరు పెట్టేటప్పుడు సంవత్సరం ముందుండాలి. తరువాత నెల, తేదీ, సందర్భం, ఊరు. అప్పుడు మంఝా, నికాహ్, రుఖ్సతీ, వలీమా వాటంతట అవే వరుసలో నిలుస్తాయి. తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా ఇబ్బంది లేదు. జిల్లా పేరు మాత్రం రాయకండి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక నిర్మల్ ఆదిలాబాద్‌లో లేదు, జగిత్యాల కరీంనగర్‌లో లేదు. ఊరి పేరే నిలకడైనది.

ఇక స్త్రీల వైపు తీసిన దృశ్యాల సంగతి. ఈ విషయంలో నేను కాస్త కఠినంగానే ఉంటాను. నికాహ్‌కు వచ్చిన స్త్రీలు తమను ఇంటివారు చూస్తారనుకున్నారు గాని ఊరంతా చూస్తుందనుకోలేదు. క్యాసెట్టును దుకాణంలో మార్పించితే ఒక నకలు వారి కంప్యూటరులో మిగిలిపోవచ్చు; కనుక ఆ పని ఇంట్లోనే జరగాలి. జెల్లీఫిన్‌లో ఒక్కొక్కరికి విడివిడిగా ఖాతా ఇచ్చి, ఎవరు ఏ లైబ్రరీ చూడవచ్చో నిర్ణయించవచ్చు. జనానా భాగాన్ని వేరే ఫోల్డరులో, వేరే లైబ్రరీగా ఉంచి, మా ఇంటి ఆడవారి ఖాతాలకే దానిని తెరిచాను. టేపును మార్చింది, కోసి విడదీసింది కూడా నా భార్యే. బంధువులు దుబాయి నుండి చూడాలంటున్నారని సర్వరును ఇంటర్నెట్‌కు తెరవలేదు. మొత్తం సేకరణ మరొక డిస్కులో ఎక్కించి, సెలవుకు వచ్చిన మా తమ్ముడి చేతికిచ్చి పంపాను. ల్యాప్‌టాప్ చెడిపోయినా ఇప్పుడు మరొక నకలు ఉన్నట్లే.

జుమా రోజు సాయంత్రం ఖాలాజాన్ వచ్చారు. నానీమా గొంతు రెండు నిమిషాలకు మించి లేదు; అందులోనూ సగం బ్యాండు మోత. ఆమె నాలుగుసార్లు వెనక్కి తిప్పించుకున్నారు. తరువాత కళ్లు తుడుచుకుని, వేపచెట్టు కింద ఉన్నవారి పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే నేను వివరాల గడిలో రాసుకున్నాను. ఇరవై మూడు పేర్లు వచ్చాయి. ఎడమ చివర తెల్ల టోపీతో నిలుచున్నాయన ఎవరో ఆమెకూ గుర్తు రాలేదు. వచ్చే వారం కోరుట్ల వెళ్లి పెద్ద మామూజాన్‌ను అడగాలి.